కీ ఇచ్చే పాత రేకు బొమ్మల్లో అసలును, నకలును గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు, పునర్విడుదల, నకలు, నకిలీ అనే మాటల మధ్య తేడా ఏమిటి?

ఒక బొమ్మను మొదట రూపొందించిన కంపెనీ, ఆ బొమ్మ మార్కెట్లో ఉన్న రోజుల్లోనే తయారుచేసిన ప్రతిని అసలు అంటాము. అదే కంపెనీ గాని, దాని పాత డైలను (రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చులను) కొనుక్కున్న మరొకరు గాని కొన్ని దశాబ్దాల తరవాత ఆ బొమ్మను మళ్ళీ తీస్తే అది పునర్విడుదల అవుతుంది. పాత బొమ్మను ఎదురుగా పెట్టుకొని, కొత్త డైలు చేయించి, కొత్తగా ముద్రించి తయారుచేసినది నకలు. ఈ మూడింటిలోనూ మోసం లేదు. పునర్విడుదలలు, నకళ్ళు చాలావరకు తామెవరో పెట్టె మీదా, తమ ఒంటి మీదా చెప్పుకొనే బయటికి వస్తాయి. నకలు నకిలీగా మారేది ఆ తరవాతనే: ఎవరో ఒకరు కొత్త ముద్రను గీకివేసి, రంగును అరగదీసి, ఉప్పునీటితో తుప్పు పట్టించి, అటక మీద దొరికిందన్న కథ జోడించి అమ్మినప్పుడు. కొనేవారు కనిపెట్టవలసినది ముఖ్యంగా ఈ చివరి మనిషి చేతివాటాన్ని.

ఏ ఒక్క గుర్తుతోనైనా తేల్చి చెప్పవచ్చా?

అసలైనదని తేల్చడానికి ఒక్క గుర్తు ఎన్నడూ చాలదు. కాదని తేల్చడానికి మాత్రం చాలాసార్లు ఒక్కటే సరిపోతుంది. పాతదనాన్ని చూపే లక్షణాలన్నింటినీ, అంటే తుప్పును, అరుగుదలను, వెలిసిన రంగును, పసుపెక్కిన కాగితాన్ని, కొద్ది రోజుల్లో కృత్రిమంగా తెప్పించవచ్చు. కానీ 1925 నాటి బొమ్మలో 1990 నాటి వస్తువు ఉండడానికి వీలులేదు. అందువల్ల బొమ్మ ఎంత పాతగా కనబడుతోందని చూడకండి. చెబుతున్న కాలంలో ఉండకూడనిది దానిలో ఏముందో వెతకండి. ఈ పేజీలోని జవాబులన్నీ ఆ ఒక్క పద్ధతి మీదనే నడుస్తాయి.

బొమ్మ చేతికి రాగానే మొదట ఎక్కడ చూడాలి?

తిరగేసి అడుగు భాగం చూడాలి. ఆ తరవాత సందుల్లోంచి చిన్న దీపం వేసి లోపల చూడాలి. పాతదిగా మార్చేవారు తమ శ్రమనంతా కంటికి కనబడే ముఖం మీద పెడతారు. బయట ఎనభై ఏళ్ళ తుప్పు, లోపల తళతళలాడే తెల్లని రేకు ఉంటే ఆ రెండూ ఒకే బొమ్మ జీవితం కావు. ఈ బొమ్మల రేకు నిజానికి తగరపు కళాయి వేసిన పలచని ఉక్కు రేకు. నిజంగా పాతబడిన రేకు లోపలి వైపు మెరుపు తగ్గి మసకబారిన బూడిదరంగులోకి వస్తుంది. పళ్ళచక్రాల చుట్టూ చిక్కబడిన పాత నూనె, దానికి అంటుకున్న నూగు, దుమ్ము కనబడతాయి. ఎవరూ చూడరనుకున్న చోట కూడా కాలం ఒకే విధంగా పనిచేసి ఉంటే ఆ బొమ్మను ఇంకా శ్రద్ధగా పరిశీలించడం న్యాయం.

లోపలి వైపు వేరే డబ్బా ముద్రణ కనబడితే అది నకిలీయేనా?

కాదు, పైగా అది మంచి సూచన కావచ్చు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే జపానులో రేకుకు కరువు వచ్చినందువల్ల, వాడి పారేసిన ఆహారపు డబ్బాలను చదును చేసి, ఖాళీ వైపున కొత్త ముద్రణ వేసి బొమ్మలు చేశారు. అటువంటి బొమ్మ కడుపులో పాత డబ్బా అక్షరాలు ఈనాటికీ కనబడతాయి. ఒక జాతి చేతికి దొరికిన తుక్కుతో తన పరిశ్రమను తిరిగి నిలబెట్టుకున్న తీరు ఆ రేకు వెనుకవైపు రాసి ఉంటుంది. నాకు ఆ బొమ్మలంటే ప్రత్యేకమైన గౌరవం.

ముద్రణను బట్టి ఎలా చెప్పవచ్చు?

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఈ పనికి అన్నింటికంటే విలువైన పరికరం. రేకు మీద ఆఫ్‌సెట్ పద్ధతిలో, అంటే సిరాను ముందు మరో సిలిండరు మీదికి ఎక్కించి దాని నుంచి రేకుకు అంటించి, ముద్రించడానికి 1875లో ఇంగ్లండులో రాబర్ట్ బార్‌క్లే పేటెంటు తీసుకున్నారు. ఆ పద్ధతి వ్యాపించాక చేతితో రంగులు వేసే అలవాటు క్రమంగా వెనుకబడింది. ఆ కాలపు ముద్రణలో ప్రతి రంగుకూ వేరే సిరా, వేరే ముద్రణ ఉండేవి. ఎరుపు అంటే ఎర్ర సిరాయే. నీడలు చూపవలసిన చోట కళాకారుడు చేతితో పెట్టిన చుక్కలు చిన్నా పెద్దా కలిసి, క్రమం లేకుండా ఉంటాయి. ఇటీవలి నకళ్ళలో చాలావాటిని ఫొటో తీసి, నాలుగు రంగుల చుక్కలుగా విడగొట్టి ముద్రిస్తారు. భూతద్దంలో చూస్తే అక్కడ నీలి, గులాబి, పసుపు, నలుపు చుక్కలు గళ్ళబట్టలాగా ఒకే క్రమంలో పరచుకొని ఉంటాయి. దూరం నుంచి నారింజ రంగుగా కనబడినది దగ్గరకు వచ్చేసరికి పసుపు, గులాబి చుక్కలుగా విడిపోతుంది.

దీనిలో రెండు జాగ్రత్తలు అవసరం. 1950, 60లలో వచ్చిన అసలైన బొమ్మల్లో కూడా, ఉదాహరణకు కారు కిటికీల్లో కనబడే ప్రయాణికుల ముఖాలకు, చుక్కల ముద్రణ వాడినవి ఉన్నాయి. కాబట్టి ఆ చుక్కలు 1910 నాటిదని చెప్పే బొమ్మను దోషిగా నిలబెడతాయి గాని 1960 నాటి బొమ్మను కాదు. రెండవది, శ్రద్ధగా చేసిన కొన్ని పునర్విడుదలల్లో పాత పద్ధతిలోనే విడి సిరాలు వాడతారు. అక్కడ ఈ పరీక్ష మౌనంగా ఉండిపోతుంది.

చుక్కలకంటే నమ్మకమైనవి అక్షరాలు. పాత బొమ్మను ఫొటో తీసి చేసిన నకలులో చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోతాయి, సన్నని గీతలు తెగిపోతాయి లేదా లావెక్కుతాయి. పేటెంటు సంఖ్యలు, కంపెనీ ముద్ర ఉన్న చోట ముందుగా చూడండి. కొన్నిసార్లు మూలంగా వాడిన పాత బొమ్మ మీది గీతలు, మరకలు కూడా నకలులో ముద్రణగా మారిపోయి ఉంటాయి. వేలితో తడిమితే అక్కడ లోతు తగలదు. రంగులు ఒకదానిమీద ఒకటి కొద్దిగా పక్కకు జరిగి ఉండడం మాత్రం లోపంగా లెక్కపెట్టకండి. చౌక బొమ్మల్లో అది ఆ రోజుల్లోనే మామూలు.

దేశం పేరు చూసి కాలం ఎంతవరకు నిర్ణయించవచ్చు?

ఒక బొమ్మ ఎంతకంటే పాతది కాలేదో దేశం పేరు స్పష్టంగా చెబుతుంది. దిగుమతి వస్తువులపై తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం 1890లో వచ్చి 1891 నుంచి అమలైంది. కాబట్టి ఇంగ్లీషులో దేశం పేరు వేసిన ఎగుమతి బొమ్మలు సాధారణంగా ఆ తరవాతివి. జర్మన్ బొమ్మల మీద "డి.ఆర్.పి." అనే అక్షరాలు సామ్రాజ్య పేటెంటును, "డి.ఆర్.జి.ఎం." అనేవి రిజిస్టరు చేసిన నమూనాను సూచిస్తాయి. మొదటిది 1877 నుంచి, రెండవది 1891 నుంచి ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధం తరవాత ఏర్పడిన సమాఖ్య గణతంత్రంలో (పశ్చిమ జర్మనీలో) ఆ "ఆర్" అక్షరం "బి"గా మారింది. 1920ల బొమ్మ అని చెప్పి చూపించిన దాని మీద "డి.బి.జి.ఎం." కనబడితే ఇక వేరే పరీక్ష అవసరం లేదు. అదే విధంగా "యు.ఎస్. జోన్ జర్మనీ" అనే ముద్ర యుద్ధం ముగిసిన 1945కూ, గణతంత్రం ఏర్పడిన 1949కూ మధ్య ఉన్న పరిస్థితికి చెందినది; "వెస్టర్న్ జర్మనీ" ఆ తరవాతిది.

"మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అన్న ముద్రను 1947లో ఎగుమతి వస్తువులకు తప్పనిసరి చేశారు. 1949 చివర ఆ నిబంధన సడలింది. యుద్ధానంతరం జపాను మీద సాగిన మిత్రరాజ్యాల ఆక్రమణ 1952 ఏప్రిల్‌తో ముగిసింది. ఇంత చిన్న కాలానికి చెందినది కనుక ఈ ముద్రకు సేకర్తల్లో గిరాకీ ఉంది, గిరాకీ ఉన్న చోట రబ్బరు స్టాంపు కూడా చేరుతుంది. ఈ అక్షరాలు బొమ్మ రంగులతో పాటు ముద్రణలో భాగంగా ఉన్నాయా, లేక పూర్తయిన బొమ్మ మీద తరవాత గుద్దినట్టుగా ఉన్నాయా అన్నది భూతద్దంతో చూడాలి.

పేటెంటు తేదీ ఉంటే అదే తయారైన సంవత్సరమా?

కాదు. పేటెంటు వచ్చిన తరవాత ఒక బొమ్మను ఇరవై, ముప్పై ఏళ్ళపాటు అదే ముద్రణతో తీసిన సందర్భాలు ఉన్నాయి. నకలు చేసేవారు ఆ తేదీని కూడా యథాతథంగా ఎక్కించుకుంటారు.

కంపెనీ ముద్రలను ఎలా చదవాలి?

ప్రధానమైన కంపెనీల ముద్రలను గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. న్యూయార్క్‌కు చెందిన లూయిస్ మార్క్స్ కంపెనీది ఒక వృత్తం, దానిలో "ఎం.ఎ.ఆర్." అక్షరాల మీదుగా పెద్ద "ఎక్స్" రైల్వే క్రాసింగ్ గుర్తులాగా ఉంటుంది. జపాను కంపెనీలు ఎక్కువగా రెండక్షరాలను చిన్న ఆకారంలో బిగించి వేసేవి: నోమురాది "టి.ఎన్.", మసుదాయాది "టి.ఎం.", హోరికావాది "ఎస్.హెచ్.". జర్మనీలోని లేమన్ కంపెనీ బొమ్మల మీద స్థాపకుడు ఎర్న్‌స్ట్ పాల్ లేమన్ పేరులోని "ఇ.పి.ఎల్." అక్షరాలతో బొమ్మ సంఖ్య ఉండేది.

ముద్ర ఉన్నంత మాత్రాన సంతృప్తి పడకుండా దాని చుట్టూ ఉన్న చరిత్రతో సరిపోల్చాలి. లేమన్ కంపెనీ 1881లో హావెల్ నది మీది బ్రాండెన్‌బర్గ్‌లో ప్రారంభమైంది. యుద్ధానంతరం ఆ ఫ్యాక్టరీ కుటుంబం చేతినుంచి పోయాక, 1950ల మొదట్లో న్యూరెంబర్గ్‌లో మళ్ళీ నెలకొన్నది. కాబట్టి 1910 నాటి లేమన్ బొమ్మ అంటూ న్యూరెంబర్గ్ పేరు చూపించినవారికి ఆ చరిత్రే జవాబు చెబుతుంది. ముద్ర అసలు లేకపోవడం కూడా అనుమానించవలసిన విషయమే, అది ఉండవలసిన చోట గీకిన జాడ గాని, అక్కడికి మాత్రమే పరిమితమైన తుప్పు గాని కనబడితే. పాత బొమ్మల్లో ముద్ర లేకుండా వచ్చినవి కూడా ఎన్నో ఉన్నాయి కనుక, కేవలం లేకపోవడాన్ని పట్టుకొని తీర్పు చెప్పడం తగదు.

రేకు నాలుకలు, స్క్రూలు ఏమి చెబుతాయి?

రేకు బొమ్మ భాగాలను కలపడానికి ఒక ముక్క అంచున ఉన్న చిన్న నాలుకను మరో ముక్కలోని చీలికలో దూర్చి మడిచేవారు. మరికొన్నిచోట్ల టంకం వేసేవారు. ఫ్యాక్టరీలో ఒక్కసారి మడిచిన నాలుక నిండుగా, చదునుగా కూర్చొని ఉంటుంది. మధ్యలో ఎవరైనా విప్పి మళ్ళీ మడిస్తే మడత దగ్గర కళాయి చిట్లి ఒక సన్నని గీత పడుతుంది, పటకారు పళ్ళ గుర్తులు మిగులుతాయి, కొన్ని నాలుకలు విరిగే పోతాయి. విప్పిన జాడ ఉన్నంత మాత్రాన బొమ్మ నకలు అయిపోదు. స్ప్రింగు బాగుచేయడానికి విప్పి ఉండవచ్చు. కానీ అమ్మేవారు ఎన్నడూ విప్పలేదని చెప్పిన బొమ్మలో ఆ గీత కనబడితే, లోపల ఏమి మార్చారన్న ప్రశ్న న్యాయంగానే వస్తుంది.

తలమీద కూడిక గుర్తు ఉండే స్టార్ స్క్రూకు అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరుతో 1936లో పేటెంట్లు వచ్చాయి. అంతకు ముందరిదని చెప్పే బొమ్మలో అది ఉంటే, ఆ స్క్రూ అయినా కొత్తదై ఉండాలి, బొమ్మ అయినా కొత్తదై ఉండాలి.

యంత్రాన్ని విప్పకుండా పరిశీలించడం సాధ్యమా?

చాలావరకు సాధ్యమే. చక్రాల సందుల్లోంచి, కీ రంధ్రం పక్కనుంచి దీపం వేస్తే పళ్ళచక్రాలు కనబడతాయి. పాత యంత్రాల్లో అవి ఇత్తడివో ఉక్కువో అయి ఉంటాయి. తెల్లని నైలాన్ చక్రం కనబడిందంటే ఆ యంత్రం యుద్ధానికి ముందరిది కాదు. నైలాన్ ప్రపంచానికి పరిచయమైనదే 1938లో. అయితే 1960ల అసలు బొమ్మల్లో ప్లాస్టిక్ భాగాలు సహజంగానే ఉంటాయి కనుక, ఇక్కడ కూడా చెబుతున్న కాలంతో పోల్చి చూడాలి.

అరుగుదలను యంత్రం దగ్గర చూడడం ముఖం మీద చూడడంకంటే మేలు. పిల్లలు వందలసార్లు కీ తిప్పిన బొమ్మలో కీ చుట్టూ రంగు వలయంగా పోతుంది, ఇరుసు తిరిగే రంధ్రం గుండ్రదనం కోల్పోయి కోలగా సాగుతుంది, నేలకు తగిలే చక్రపు అంచు మీద ముద్రణ సమంగా అరుగుతుంది. ఒళ్ళంతా అరిగిపోయి, ఈ మూడు చోట్లా మాత్రం కొత్తదనం చెక్కుచెదరకుండా ఉంటే, ఆ బొమ్మను అరగదీసినది ఆట కాదు.

తుప్పు నిజమైనదో కృత్రిమమైనదో ఎలా తెలుస్తుంది?

తుప్పుకు ఒక దారి ఉంటుంది. కళాయి ఉన్న చోట ఉక్కుకు రక్షణ ఉంటుంది. రేకును కత్తిరించిన అంచుల్లో, చీలికల దగ్గర, లోతుగా గీత పడ్డ చోట ఉక్కు బయటపడుతుంది. అందువల్ల సహజమైన తుప్పు అంచుల నుంచీ గీతల నుంచీ బయలుదేరి, సిరా పొర కిందికి పాకి, దానిని చిన్న చిన్న పొక్కులుగా పైకి లేపుతుంది. దాని రంగు ముదురు గోధుమ; గట్టిగా పట్టుకొని ఉంటుంది. ఆమ్లంతోనో ఉప్పునీటితోనో కొద్ది రోజుల్లో పట్టించిన తుప్పు నారింజ రంగులో, పొడిపొడిగా, వేలికి అంటుకొనేలా ఉంటుంది. ద్రవం జారిన చోట చారలుగా, నిలిచిన చోట మడుగుగా కనబడుతుంది. గరుకు కాగితంతో రుద్దిన అరుగుదలలో గీతలన్నీ ఒకే దిక్కుగా సాగుతాయి. చేతి వేళ్ళు చేరలేని గుంటల్లో కూడా రంగు పోయి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తుప్పు లేనంత మాత్రాన బొమ్మను అనుమానించకండి. పెట్టెలోంచి బయటికి తీయకుండా పొడిచోట దాచిన అసలు బొమ్మలు నిన్న కొన్నట్టుగా మిగిలి ఉన్నాయి. కొత్తవారు మాసిన బొమ్మను నమ్మి, శుభ్రంగా ఉన్న అసలును వదులుకోవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

రంగు మళ్ళీ వేసిన అసలు బొమ్మను ఏమనాలి?

దానిని మరమ్మతు చేసిన అసలు అనాలి, ఆ విషయం అమ్మేటప్పుడు చెప్పాలి. ముద్రిత బొమ్మలో రేకును చదునుగా ఉన్నప్పుడే ముద్రించి, తరవాత కోసి, వంచి, కలుపుతారు. కనుక సిరా నాలుకల మడతల మీదుగా, చీలికల సందుల్లోకి పారి ఉండదు. అలా పారి ఉంటే బొమ్మ పూర్తయ్యాక ఎవరో రంగు వేశారు. తొలినాటి బొమ్మలను కలిపిన తరవాతనే చేతితో రంగు వేసేవారు కాబట్టి ఈ పరీక్ష ముద్రిత బొమ్మలకే వర్తిస్తుంది.

అతినీలలోహిత దీపం పనికి వస్తుందా?

పెట్టెలకూ కాగితపు లేబుళ్ళకూ చాలా బాగా పనికివస్తుంది. కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనాల వాడకం 1950 ప్రాంతం నుంచి విస్తరించింది. చీకటిలో ఆ దీపం వేస్తే అటువంటి కాగితం నీలంగా తెల్లగా వెలిగిపోతుంది. 1930ల పెట్టె అలా వెలగకూడదు. రంగు వేసిన రేకు మీద కూడా తరవాత వేసిన ముక్క చుట్టూ ఉన్న దానికంటే వేరుగా కనబడుతుంది. బట్టల సబ్బుతో కడిగిన బొమ్మ మీద సబ్బులోని రసాయనమే వెలగవచ్చు కనుక మచ్చలుగా వెలిగినప్పుడు తొందరపడకూడదు.

పెట్టెను వేరుగా పరిశీలించాలా?

తప్పక పరిశీలించాలి, ఎందుకంటే అసలు బొమ్మకు కొత్త పెట్టె జతచేసి ధర పెంచడం తరచుగా జరుగుతుంది. బార్ కోడ్ దుకాణాల్లో వాడకానికి వచ్చినది 1974లో, అమెరికా చిరునామాల్లో జిప్ కోడ్ మొదలైనది 1963లో, యూరప్‌లో బొమ్మల మీద భద్రతా నిబంధనలకు లోబడినదని తెలిపే "సి.ఇ." గుర్తు 1990 నుంచి. ఊపిరి అడ్డుపడే ప్రమాదం గురించిన హెచ్చరికలు, ఇది సేకర్తల కోసమే, పిల్లల కోసం కాదన్న వాక్యాలు కూడా కొత్త కాలానివే. కొన్నిసార్లు ఇవి ఉండే పక్క అట్టను కత్తిరించి, ఆ పక్క చిరిగిపోయిందని చెబుతారు. అట్ట లోపలి వైపు, మూలల మడతలు, జిగురు రంగు కూడా చూడండి.

ఎక్కువగా నకళ్ళు వచ్చిన బొమ్మలు ఏవి?

జపాను రోబోలు, అంతరిక్ష బొమ్మలు ముందు వరుసలో ఉన్నాయి. లిలిపుట్ రోబోకు, అటామిక్ రోబో మ్యాన్‌కు పేరున్న నకళ్ళు వచ్చాయి. మసుదాయా వంటి కంపెనీలు తమ పాత బొమ్మలను తామే మళ్ళీ తీశాయి. స్పెయిన్‌లోని ఇబీ పట్టణానికి చెందిన పాయా కంపెనీ బొమ్మలు 1980లలో పాత డైలతోనే సంఖ్య వేసి పునర్విడుదలయ్యాయి; డైలు అవే కనుక కొలతలతో వీటిని పట్టుకోలేము, సంఖ్యే ఆధారం. జర్మనీలోని షూకో కంపెనీ 1936లో తెచ్చిన "ఎగ్జామికో 4001" కారు కూడా తరవాతి దశాబ్దాల్లో మళ్ళీ వచ్చింది. ఈ పునర్విడుదలలు తమంతట తాము అందమైన వస్తువులే. పునర్విడుదల ధరకు కొన్నంతకాలం వాటిలో నష్టమేమీ లేదు.

చైనా "ఎం.ఎస్." బొమ్మలన్నీ నకళ్ళేనా?

కావు. "ఎం.ఎస్." అక్షరాల పక్కన సంఖ్యతో వచ్చే కీ బొమ్మలు చైనా ఫ్యాక్టరీల సొంత వరుస. గెంతే కప్ప "ఎం.ఎస్. 082" వాటిలో అందరికీ తెలిసినది. ఒకే బొమ్మను దాదాపు మార్పు లేకుండా దశాబ్దాలపాటు తీశారు కాబట్టి ఇక్కడ అడగవలసినది ఏ దశాబ్దానిదని. దానికి జవాబు ఎక్కువగా పెట్టె మీదనే దొరుకుతుంది.

ఫొటోలు మాత్రమే చూసి కొనవలసి వస్తే ఏమి అడగాలి?

అడుగు భాగం, కంపెనీ ముద్ర దగ్గరగా, నాలుకల మడతలు, కీ చుట్టుపక్కల ప్రదేశం, సందులోంచి యంత్రం, పెట్టె నాలుగు పక్కలు, వీటి ఫొటోలు సహజమైన వెలుగులో అడగాలి. పక్కన కొలబద్ద పెట్టమనండి. కొత్త డైలతో చేసిన నకళ్ళు కొన్ని అసలుకంటే కొద్దిగా చిన్నవో పెద్దవో అవుతాయి. నిజాయితీపరులు ఈ ఫొటోలు సంతోషంగానే పంపుతారు. ముఖం ఫొటో ఒక్కటే పదేపదే పంపేవారితో బేరం ఆపివేయడం మంచిది.

నిర్ధారణకు ముందు శుభ్రం చేయవచ్చా, కీ ఇచ్చి చూడవచ్చా?

శుభ్రం చేయవద్దు, దుమ్ము, పాత నూనె కూడా సాక్ష్యాలే, పైగా నీరు తగిలిన సిరా పొర తుప్పు ఉన్న చోట పెచ్చులుగా లేచిపోతుంది. కీ మాత్రం రెండు మూడు సగం తిప్పులు నెమ్మదిగా ఇచ్చి చూడవచ్చు. బిగువు తగిలిన చోట ఆపాలి, ఎందుకంటే ఎండిన నూనె వల్ల స్ప్రింగు ఒక్కసారిగా తెగవచ్చు. నాలుకలను మాత్రం సొంతంగా విప్పవద్దు; రెండవసారి మడిచినప్పుడు అవి చాలావరకు నిలుస్తాయి, మూడవసారి విరుగుతాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పెచ్చులు లేచిన బొమ్మను పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, దానిని చిన్నపిల్లలకు అందనీయకండి.